ఇసుకలో ఒంపిన బిందె

మా ఆయన పేరు ఇస్తారి. బతికి ఉండగా ఆ పేరు నేను నోటితో పలకలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తప్పు పట్టేవాళ్ళు పట్టుకోండి, నేను చేసినవాటిలో ఇది లెక్కలోకి రాదు.

పెద్దపల్లి దగ్గరి పల్లె నుంచి పందొమ్మిదేళ్ళకే బల్లార్‌పూర్ బొగ్గు గనికి వచ్చి, ముప్పై ఏళ్ళు పంపు నడిపాడు. గని అడుగున ఊరే నీటిని పైకి తోడిపోయడమే ఆయన కొలువు. ఆ నీళ్ళే మా కాలనీ నల్లాల్లో వచ్చేవి. మిగిలినవి పగలంతా మోరీల్లో పారేవి. నల్లా కట్టేయాలన్న ఆలోచన మా ఆడవాళ్ళలో ఒక్కరికీ లేదు. ఆయన మాత్రం పక్కింటి నల్లా కూడా కట్టేసి వచ్చేవాడు. "నీ అయ్య బాయి ఎండిపోతదా?" అని వెక్కిరించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. మాట తక్కువ మనిషి. ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని.

కొత్త కంపెనీల బండ్లు చంద్రాపూర్ దుకాణాల ముందు వరసగా నిలబడ్డ రోజులవి. తొంభై ఐదులో ఆయన కూడా ఎర్రటి మోటార్ సైకిల్ తెచ్చాడు. గనిలో మెకానిక్ భీకారాం రాజస్థాన్ మనిషి. ఎండాకాలంలో తన ఊళ్ళో కూతురి పెళ్ళి, రమ్మన్నాడు. కంపెనీ నాలుగేళ్ళకోసారి దేశం చూసి రమ్మని సెలవిచ్చేది. కాలనీవాళ్ళందరూ తిరుపతికో కాశీకో పోయేవారు. మా ఆయన జోధ్‌పూర్ అన్నాడు. అక్కడి నుంచి బండి మీద అన్నాడు.

"పిచ్చి గిట్ల లేసిందా నీకు? ఇసుకల బండి నడుస్తదా?"

"చక్రాల గాలి తగ్గిస్తే నడుస్తదట. భీకారాం చెప్పిండు."

"నన్ను ఏడనో పడేస్తవ్."

"పడ్డా ఇసుకనే గదనే, సత్తీ."

పెట్రోలు తీసేసి, బండికి గోనె చుట్టి, రైల్లో వేశాడు. జోధ్‌పూర్‌లో గోనె విప్పి, మళ్ళీ పెట్రోలు పోసి బయలుదేరాం. తారు రోడ్డు ఒక పూటకే అయిపోయింది. ఆ తరువాత ఒంటె బండ్ల జాడలే దారి. చంద్రాపూర్ ఎండలు చూసినదాన్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందని బీరాలు పోయాను. కాళ్ళు ఒక పక్కకేసి కూర్చున్నాను. అటు ఇటు కాళ్ళేసి కూర్చొమ్మని ఆయన రెండుసార్లు చెప్పాడు.

"నేనేమన్న పోలీసోన్నా, గట్ల కూసునేటందుకు?"

మూడోసారి ఇసుకలో పడ్డాక నేనే చీర గోచీ పెట్టుకుని మగవాళ్ళలా ఎక్కాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుపడేవాడు కాదు.

మధ్యాహ్నం దాటాక ఒంటరిగా ఉన్న ఒక గుడిసె కనిపించింది. దారి అడుగుదామని ఆగాం. ఆయన మేకల దొడ్డి దగ్గరున్న ముసలాయన దగ్గరకు నడిచాడు. ముసలాయన కోడలు కాబోలు, ముఖం మీదికి కొంగు లాక్కున్న ఒకామె నన్ను నీడలో కూర్చోమని సైగ చేసి, ఇత్తడి బిందె తెచ్చి నా ముందు పెట్టి, లోపలికి పోయింది.

మా దిక్కు ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు. కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కితే ఆ ఇంటిని చులకన చేసినట్టు. మర్యాద తెలిసినదాన్నని లేచి, కొంచెం పక్కకు జరిగి, బిందె ఎత్తి కాళ్ళ మీద ఒంపుకున్నాను. పాదాలు, పిక్కలు, ముఖం, మెడ. చల్లగా, హాయిగా ఉంది. మిగిలింది చీర అంచుకు అంటిన దుమ్ము మీద పోశాను. చుక్క లేకుండా.

ఆమె చిన్న చెంబుతో బయటికి వచ్చింది. బిందెలో ముంచి మాకు తాగడానికి ఇద్దామని. ఖాళీ బిందె చూసింది. ఇసుక చూసింది. ఇసుక అప్పటికే తాగేసింది.

ముసలాయన పరుగున వచ్చాడు. ఆయన భాష నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. కోడలు చీకటితో లేచి మూడు కోసుల దూరం అవతలి బావి నుంచి తెచ్చిన నీళ్ళవి. రేపు పొద్దుటి దాకా ఇంటికీ, మేకలకూ అవే. ఎవరు ఒంపారని అరుస్తున్నాడు.

నా నోరు మా కాలనీ మొత్తానికి తెలుసు. ఆ రోజు అది లేవలేదు.

మా ఆయన ముందుకొచ్చి, తప్పు తనదేనని చేతులు జోడించాడు. "గల్తీ మేరీ హై, బాబా" అన్నాడు.

ముసలాయన పరాయి ఆడదాని వైపు చూసే రకం కాదు. మా ఆయన్నే తిట్టాడు. గుడ్డివాడా అన్నాడు, నీళ్ళు చూడని ఊరా నీది అన్నాడు. ఊరంతటికీ నీళ్ళు తోడిపోసే మనిషి తల వంచుకుని విన్నాడు. ఆ కోడలు మాత్రం కొంగు సందులోంచి నా తడి కాళ్ళనే చూస్తూ నిలబడింది.

ఆయన రెండు డబ్బాలు అడిగి తీసుకుని, బండికి చెరో పక్క కట్టుకుని, ఆ బావికి పోయాడు. వచ్చేటప్పుడు ఇసుకదిబ్బ మీద పడి ఒక డబ్బా ఒలికింది, మోచెయ్యి చీరుకుపోయింది. మళ్ళీ పోయాడు. బిందె నిండాకే కదిలాం. పెళ్ళికి చేరేసరికి అప్పగింతలు అవుతున్నాయి.

దారిలో నేనే గొంతు లేపాను. "నాకేం తెల్సు? మన దిక్కు గట్లనే పెడ్తరు."

"నిన్నెవలన్నరే?"

"నువ్వెందుకు మీదేసుకున్నవ్ మరి?"

"అయిపోయింది, పోనీయ్" అన్నాడు. బతికినన్నాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

భీకారాం ఊరుకుంటాడా? తన ఊరి దిక్కు ముసలాయన చెప్పుకున్నదంతా విని వచ్చి, గనిలో చెప్పాడు. పంపు దగ్గరివాళ్ళకు ఏళ్ళ తరబడి అదే ఆట. "ఇస్తారన్న వస్తుండు, బిందెలు దాచుండ్రి!" మా ఇంట్లో కూడా పండుగకో పబ్బానికో మా కొడుకు మల్లేష్ ఆ కథ ఎత్తుకునేవాడు. "మా నాయిన ఎడారిల కాళ్ళు కడుక్కున్నడు" అనగానే అందరూ విరగబడి నవ్వేవారు. ఆయన ఒకసారి నా వైపు చూసి, తనూ నవ్వేవాడు. నేనూ నవ్వాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అందరికంటే గట్టిగా నవ్వాను. మధ్యలో మరిచిపోతే అందించాను కూడా.

ఆయన పోయిన పదో రోజు చుట్టాలందరూ కూర్చున్నారు. మల్లేష్ ఏడుస్తూనే ఆ కథ చెప్పాడు. అందరూ ఏడుస్తూనే నవ్వారు. నా వైపు చూడడానికి ఆయన లేడు.

"ఆ బిందె ఒంపింది నేను" అన్నాను. "మీ నాయిన కాదు. నేను."

మా బిడ్డ శ్రీవాణి నా మెడ చుట్టూ చేతులేసింది.

"చూసిండ్రా మా అవ్వను! నాయిన పోయినంక గూడ ఆయన మీద మాట పడనిస్తలేదు."

"అట్ల గాదే, నిజంగ నేనే..."

"ఊకో అవ్వా. నీ మనసు మాకు తెల్వదా?"

ఎల్లమ్మ వదిన కళ్ళు తుడుచుకుని, ఉంటే ఇలాంటి భార్య ఉండాలంది. నేను మూడోసారి చెప్పలేదు. చెబితే నమ్మేదాకా చెప్పగల నోరే నాది. ఆ మెప్పు తియ్యగా ఉండి ఊరుకున్నాను.

ఇప్పుడు మల్లేష్ ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్న నా మంచితనం కూడా చెబుతాడు. విన్నవాళ్ళు నా వైపు తిరుగుతారు. నేను పొయ్యి మీద ఏదో ఉందని లేచి లోపలికి పోతాను.