మా అత్త అరచేతి బొబ్బ

తలచినా తలవకపోయినా మందను, మనిషిని ఒకే చూపుతో కాచే మా ఊరి అమ్మవారికి ముందుగా దండం పెట్టుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న మార్కాపురంలో మా ఇంట్లో మనవడు క్రికెట్ చూస్తూ మంచం మీద ఎగిరి, "అవ్వా, పూనకాలే పూనకాలు" అన్నాడు. ఆ మాట ఎక్కడిదిరా అంటే ఫోన్లోది అన్నాడు. బండికి ఎద్దులను కట్టడాన్ని మా నాయన పూన్చడం అనేవాడు. అమ్మవారు మనిషిని అట్లా కాడికి పూన్చి తన పని చేయించుకుంటే అదే పూనకమని మా భజన గుడిలో పురాణం చెప్పే పెద్దాయన అనేవారు. అందుకే బరువు మోయని పూనకం అంటే నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ అనుమానం నా పదో ఏట, మా మేనత్త దగ్గర మొదలైంది. త్రిపురాంతకం పక్కన పల్లె మాది, గొర్రెలు మేకలు కాసే ఇల్లు. వానలు లేని ఆ ఏడు మందను నల్లమలకు తోలుకుపోవాలని, బడి మాన్పించి నన్నూ వెంట తీసుకుపోవాలని నాయన నిశ్చయించాడు. భర్త పోయి మా ఇంట్లోనే ఉంటున్న అత్త రెండు రోజులు బతిమాలి, మాటలు పడి ఊరుకుంది. మూడోనాడు అమ్మవారి కొలుపులో, మిట్టమధ్యాహ్నం, ఎన్నడూ పూనకం ఎరగని ఆ మనిషి జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది.

"నా బిడ్డను బడి మాన్పిస్తావంట, ఎవుర్నడిగి మాన్పిస్తావురా?"

నాయన అక్కడే కూలబడ్డాడు. పెదనాయన మాత్రం కదల్లేదు.

"ఏంది తల్లీ, నువ్వు గూడా బడికి పోయొచ్చినట్టుండావే," అంటూ, మా ఆచారం ప్రకారం కర్పూరం వెలిగించి, అమ్మవైతే చెయ్యి చాపమన్నాడు. నిజంగా అమ్మవారు పూనితే ఆ మంట కాల్చదని మా నమ్మకం. దొంగ పూనకమని తేలితే ఆమెకు మా ఇంట్లోనే కాదు, ఊళ్ళోనే చోటుండదు. అత్త కుడి అరచెయ్యి చాపి, మండే కర్పూరాన్ని అందులో పెట్టించుకుంది. కర్పూరం ఆరేదాకా రెప్ప వాల్చలేదు. "తప్పైంది తల్లీ, బడికే పంపిస్తా" అని నాయన మొక్కాడు.

మర్నాడు అత్త ఎడమ చేత్తో మేకల పాలు పిండుతోంది. మూసి ఉన్న కుడి పిడికిలిని నేను బలవంతంగా విప్పితే, రూపాయి బిళ్ళంత బొబ్బ.

"ఎవురికన్నా చెప్పినావంటే నీకు బడీ లేదు, నేనూ లేను."

చెప్పలేదు. చదువుకున్నాను, ఈ మార్కాపురంలోనే పంతులమ్మనయ్యాను. కానీ నా చదువు అమ్మవారి పేరుతో ఆడిన అబద్ధం మీద నిలబడిందన్న గుబులుతో, అత్త పోయేదాకా ఆమె పెట్టే దీపాన్ని కూడా అనుమానంగానే చూశాను. ఆ బొబ్బకు ఇంత వెన్న రాద్దామని ఆనాడు నాకు తోచనే లేదు.

కాడి మోసిన ఎద్దు మెడ కాయ కాస్తుంది, దాన్ని చూసే రైతు ఎద్దును నమ్ముతాడు. అమ్మవారు పూనితే మంట కాల్చదని మాకు చెప్పిందెవరో నాకు ఈ వయసులోనూ తెలియదు. మనవడి పూనకం ఆట అయిపోగానే దిగిపోతుంది, చేతికి మచ్చ కూడా మిగలదు. తల్లీ, ఆనాడు పూనింది నువ్వో కాదో, ఆ చేతిని మాత్రం నీ చేతిలోకి తీసుకో అని రోజూ అడుగుతున్నాను. మీ ఇళ్ళలోనూ అట్లా పిడికిలి మూసుకుని తిరిగినవాళ్ళు ఒకరుండే ఉంటారు. వాళ్ళను తలచుకుని మీరూ నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి.