నేను తీసేసిన కెమెరా

నా మొదటి ఉద్యోగంలో నాకు అప్పజెప్పిన మొదటి పని, ఒక లాప్‌టాప్‌లోంచి ఏదో ఒకటి తీసేయడం. ఏం పెట్టాలో చెప్పేవాళ్లు ఆఫీసు నిండా ఉన్నారు. ఏం తీసేయాలో చెప్పే మనిషే కావాలన్నారు.

మెట్రో ఇంకా నోయిడా దాకా రాని రోజులవి. ఢిల్లీ రామకృష్ణపురంలో మా గవర్నమెంటు క్వార్టరు ముందు పొద్దున్నే ఏడింటికల్లా ఆఫీసు క్యాబ్ వచ్చి హారన్ కొట్టేది. అమ్మ పెట్టిన ఇడ్లీ సగం నోట్లో, సగం చేతిలో పెట్టుకుని పరిగెత్తేదాన్ని. డ్రైవరు యమున దాటించి, ఓ గాజు భవనం ముందు దింపేవాడు. ఒక విదేశీ కంపెనీ మన దేశంలో ఏ లాప్‌టాప్ అమ్మాలో, ఎంతకి అమ్మాలో తేల్చే ఆఫీసు అది. ఎంబీఏ చదివాను కాబట్టి అన్నీ తెలుసనే పొగరుతోనే చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ తర్వాత నన్ను ఉంచుకోవాలో పంపించేయాలో చెప్పేది మా మేడమ్.

మేడమ్ యాభైకి దగ్గర పడుతున్న ఢిల్లీ ఆవిడ. నూలుచీర కట్టుకుని, కళ్లజోడు తాడుకి కట్టి మెడలో వేసుకునేవారు. గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. చేరిన రోజే బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు వరసగా పెట్టి, తేడా చెప్పమన్నారు. చిన్నది, మధ్యది, పెద్దది అనేవాళ్లం వాటిని. మెమరీ ఇంత, హార్డ్‌డిస్క్ ఇంత అని నేను ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. ఆవిడ అంతా విని, సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, చిన్నదాన్నీ మధ్యదాన్నీ బోర్లించి అడుగు మూతలు విప్పారు.

రెండూ ఒకటే. అదే పచ్చ బోర్డు, అదే ఫ్యాను, అవే తీగలు. మధ్యదాంట్లో మెమరీ ముక్కలు రెండుంటే చిన్నదాంట్లో ఒకటుంది, రెండోదానికి గాడి ఖాళీగా ఉంది. అంతే. నేను తలెత్తి ఆవిడకేసి చూశాను. ఇవి వేరే వేరే యంత్రాలు కావని, ఒకే యంత్రానికి రెండు పేర్లని, తేడా యంత్రంలో కన్నా కొనేవాడి మనసులో ఎక్కువ ఉంటుందని ఆవిడ మామూలుగా, వంట గురించి చెప్పినట్టు చెప్పారు.

ధరలు ఇంకా వింత. చిన్నది ముప్ఫై రెండు వేల తొమ్మిది వందల తొంభై. మధ్యది ముప్ఫై ఆరు వేల తొమ్మిది వందల తొంభై. పెద్దది ఏకంగా యాభై ఐదు వేలకి పది రూపాయలు తక్కువ. అంత పెట్టి పెద్దది ఎవరు కొంటారని అడిగాను. దాదాపు ఎవరూ కొనరన్నారు. అది అమ్ముడుపోవడానికి లేదట, మధ్యదాని పక్కన నిలబడటానికి ఉందట. దాన్ని చూశాక మధ్యది కొన్నవాడు, ఎక్కువ ఖర్చు పెట్టలేదులే అనుకుంటూ హాయిగా ఇంటికి వెళతాడు. చిన్నది పేపర్లో ప్రకటన కోసం. అది చూసే జనం దుకాణానికి వస్తారు. వచ్చాక, చిన్నదాని నుంచి మధ్యదానికి మెట్టు ఎంత తక్కువ ఎత్తులో ఉండాలంటే, కాలు దానంతటదే లేవాలి.

నేను బేరం తెలియని పిల్లని కాను. సరోజినీ నగర్ మార్కెట్లో మూడొందలన్న కుర్తీని నూట ఇరవైకి లాక్కొచ్చేదాన్ని. కానీ అక్కడ బేరం ఇద్దరి మధ్య, అరుచుకుంటూ జరిగేది. ఇక్కడ మనిషి ఇంట్లో చెప్పులేసుకోకముందే బేరం అయిపోయి కూర్చుంది. ఆ సాయంత్రం క్యాబ్‌లో వస్తూ దారి పొడుగునా ఉన్న షాపుల బోర్డులన్నీ కొత్తగా చూశాను. వాటి వెనక ఎక్కడెక్కడ ఏ మేడమ్‌లు కూర్చున్నారో అనిపించింది.

ఓ శనివారం ఆవిడ నన్ను నెహ్రూ ప్లేస్‌లో ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లారు. ప్రింటర్ల అర పక్కన కొనేవాళ్లలా నిలబడ్డాం. మొహాలు చూడొద్దు, చేతులు చూడమన్నారు. కాలేజీ అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక జంట వచ్చింది. మేడమ్ చిన్న కాగితం మీద ఏదో రాసి, మడిచి నా చేతిలో పెట్టారు. ఆయన ముందు చిన్నదాని మీద చెయ్యి వేశాడు. పెద్దదాన్ని ఒకసారి ఎత్తి, బరువు చూసి, ధర చూసి, వేడి గిన్నె దించినట్టు దించాడు. కాసేపు భార్యతో ఏదో మాట్లాడాడు. చివరికి ముగ్గురూ మధ్యదాని ముందు ఆగారు. కాగితం విప్పితే 'మధ్యది' అని ఉంది. అలా నాలుగు కుటుంబాలు, నాలుగు కాగితాలు. ఒక్కటీ తప్పలేదు. మంత్రాలకి చింతకాయలు రాలవంటారు. ఆ రోజు నా కళ్ల ముందే రాలాయి.

అలాంటి ఆవిడ నాకిచ్చిన పని అది. రాబోయే దీపావళికి కొత్త వరస వస్తోంది. కొత్త చిన్నదాంట్లో ఏది ఉండకూడదో నేను చెప్పాలి. అది కుదిరి, మధ్యది బాగా అమ్ముడుపోతే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే నేను వేరే గాజు భవనం వెతుక్కోవాలి.

బ్యాటరీ చిన్నది చేద్దామన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. బ్యాటరీ చిన్నదని కొన్నవాడికి దుకాణంలో తెలియదు, రెండు నెలల తర్వాత ఇంట్లో తెలుస్తుంది. అప్పుడు మనల్ని తిట్టుకుంటాడు. తీసేసింది దుకాణంలో కనిపించాలి, ఇంట్లో బాధపెట్టకూడదు. అదీ షరతు. రెండోసారి ఒక యూఎస్‌బీ రంధ్రం తీసేద్దామని పట్టుకెళ్లాను. అది ఇంట్లో బాధపెడుతుందన్నారు. సోమవారానికల్లా ఇంకోటి తెమ్మన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కనిపించాలట, బాధపెట్టకూడదట. కర్ర విరగకూడదు, పాము చావకూడదు అన్నట్టుంది.

ఆ ఆదివారం ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. నాన్న అప్పటికి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. కాకినాడ నుంచి ఇరవై రెండేళ్లకి వచ్చి, గుమాస్తాగా చేరి, ముప్ఫై ఏళ్లుగా ఫైళ్ల మీద నోట్లు రాస్తున్నాడు. రాసేది నాన్న, చివర ఆర్డరు మీద సంతకం పైవాళ్లది. ఫలానా పథకం మీ నాన్న రాసిన నోటే అని అమ్మ పేపరు చూపించి చెప్పేది కానీ, అందులో నాన్న పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆ రోజు నా చిటపటలు చూసి, సంగతేమిటని అడిగాడు. చెప్పాను. కంపెనీ రహస్యం అనుకుంటూనే అంతా చెప్పేశాను.

నాన్న నవ్వాడు. ఇందులో కొత్తేముందన్నాడు. గవర్నమెంటులో ఎప్పట్నుంచో ఉన్నదేనట. గుమాస్తాకి చేతుల్లేని కుర్చీ. సెక్షన్ ఆఫీసరుకి చేతులున్న కుర్చీ. పైన అండర్ సెక్రటరీకి ఎత్తు వీపు, ఇంకా పైవాళ్లకి దాని మీద తెల్ల తువ్వాలు, గదిలో తివాచీ. అన్నీ చేసేది ఒకే వడ్రంగి, ఒకే చెక్క. మేముండే క్వార్టర్లూ అంతే, టైప్ టూ, టైప్ త్రీ, టైప్ ఫోర్. ప్రమోషన్ వచ్చిన మొదటి వారం తన మోచేతులు కుర్చీ చేతుల మీద పెట్టడానికి మొహమాటపడ్డానని చెప్పాడు. ఆ సంగతి అమ్మక్కూడా తెలియదు.

"చేతుల్లేని కుర్చీలో కూచుంటే పనేం ఆగదమ్మా," అన్నాడు. "ఫైలు ఫైలే, నోటు నోటే. నేను పదహారేళ్లు కూచోలా? పక్కవాడి కుర్చీకి చేతులున్నాయని చూశావనుకో, అప్పట్నుంచీ నీ మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో నీకు తెలీదు."

నేను మంచం మీద నుంచి లేచి కూర్చున్నాను. నోయిడాలో, పైనున్న విదేశీ ఆఫీసులో ఎందరో చదువుకున్నవాళ్లు పట్టికలు గీసి పట్టుకున్న సంగతిని, ఈయన ఒక కుర్చీ మీద కూర్చుని పట్టుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు మా ఇంట్లోనే లుంగీ కట్టుకుని పేపరు చదువుతున్నాడు.

సోమవారం మేడమ్‌కి చెప్పాను, కెమెరా తీసేద్దామని. తెర పైన చిన్న కెమెరా అప్పుడప్పుడే అన్నిట్లోనూ వస్తోంది. అది లేకపోతే ఇంట్లో ఏ పనీ ఆగదు. కానీ దుకాణంలో మధ్యదాంట్లో కెమెరా ఆన్ చేసి పెడితే, ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహం తెర మీద కనిపిస్తుంది. పక్కనే చిన్నదాంట్లో కనిపించదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నాకేసి చూశారు. ఈ ఆలోచన ఎక్కడిదని అడిగారు. ఒక కుర్చీదని చెప్పి, నాన్న సంగతి చెప్పాను. ఆవిడ దాన్నే పైకి పంపించారు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జవాబు చూసి నాకు మతిపోయింది. మూడింటి మూతలకీ అచ్చు ఒకటే కాబట్టి, కెమెరా తీసేస్తే అక్కడ రంధ్రం మిగులుతుంది. దాన్ని మూయడానికి కందిబద్దంత నల్ల ప్లాస్టిక్ బిళ్ల వేరే చేయించాలి. దానికి ఒక డ్రాయింగు, ఒక పార్ట్ నంబరు, దాన్ని అతికించే ఒక మనిషి. ఇవన్నీ కలిపితే కెమెరా తీసేసినందుకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. అయినా పైవాళ్లు సరేనన్నారు. లేకపోవడాన్ని కూడా ఒకరు కూర్చుని తయారుచేయాలని నాకు అప్పుడే తెలిసింది. నమూనాగా వచ్చిన బిళ్లని అరచేతిలో వేసుకుని, ఇంత చిన్నది ఇన్ని ఇళ్లలో ఎవరేం కొనాలో చెప్పబోతోందా అని ఎంతసేపో చూస్తూ కూర్చున్నాను. భక్తి లాంటిదేదో కలిగింది, కొంచెం భయం కూడా.

దీపావళికి ముందు ఆ వరస దుకాణాల్లోకి వచ్చింది. మేడమ్‌తో మళ్లీ ప్రింటర్ల పక్కకి చేరాను. ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చి చిన్నదాని మీద చెయ్యి వేసింది. పక్క తెరలో తన మొహం చూసుకుంది. జుట్టు సర్దుకుంది. ఆ చెయ్యి మళ్లీ చిన్నదాని మీదకి రాలేదు. నెల తిరిగేసరికి మధ్యదాని అమ్మకాలు చూసి పైవాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ కాగితం ఇంట్లో చూపించినప్పుడు నాన్న రెండుసార్లు చదివి, అచ్ఛా, మనింటికీ ఒకటి కొందాం అన్నాడు. తనే వెళ్లి తెస్తానన్నాడు, నన్ను రావద్దన్నాడు. మర్నాడు మేడమ్‌తో సరదాగా అన్నాను, మా నాన్న ఏది కొంటాడో చెప్పండి చూద్దాం అని. ఆవిడ రెండే ప్రశ్నలు అడిగారు, రిటైర్మెంటు ఎప్పుడు, స్కూటరు ఏ కంపెనీది అని. కాగితం మీద రాసి, మడిచి ఇచ్చారు. విప్పకుండా బ్యాగులో వేసుకున్నాను. ఏం రాసుంటారో నాకు తెలుసు. నేనైనా అదే రాసేదాన్ని.

శనివారం మధ్యాహ్నం నాన్న ఆటోలో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. డైనింగ్ టేబుల్ తుడిపించి, తువ్వాలు పరిపించి, దాని మీద లాప్‌టాప్ పెట్టి మూత తెరిచాడు. తెర పైన నల్ల బిళ్ల. చిన్నది. నాకు ఉక్రోషం వచ్చింది. నాలుగు వేల కోసం చూసుకున్నావా, నన్నడిగితే నేనిచ్చేదాన్ని కదా అన్నాను. కెమెరా లేనిది తెచ్చారా అని అమ్మ కూడా అంది.

"ఠీక్ హై, ఆగండి," అన్నాడు నాన్న. "మధ్యదాని ముందు నేనూ నించున్నాన్లే. నా మొహం కనపడింది. బానే ఉంది. ఆ షాపు భయ్యా కూడా అదే తీసుకోమన్నాడు." కుర్చీ జరుపుకుని కూర్చుని, బిళ్ల మీద చూపుడువేలు పెట్టాడు. "కానీ ఆ రెండిట్లో ఉన్నవన్నీ ఎవరెవరో చేసినవి గదా. నువ్వు చేసింది ఇందులోనే ఉంది."

వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. ముప్ఫై ఏళ్లు తన పేరు లేని కాగితాలు రాసిన మనిషి, దుకాణమంతా వెతికి నా చెయ్యి పడ్డ చోటు పట్టుకున్నాడు. ఆ చోట ఏమీ లేకపోయినా సరే, అదే కొన్నాడు.

సోమవారం మేడమ్‌కి కాగితం వెనక్కిచ్చాను. 'మధ్యది' అనే ఉంది. ఎందుకు తప్పిందో చెప్పాను. ఆవిడ ఆ కాగితాన్ని తన డైరీలో పెట్టుకున్నారు. ఇది మాత్రం రిపోర్టులో రాయకు, దీనికి కూడా ధర కట్టాలని చూస్తారు అన్నారు.

ఆ లాప్‌టాప్ మా ఇంట్లో ఆరేడేళ్లు పనిచేసింది. కెమెరా లేదని ఏ పనీ ఆగలేదు. ఎవరైనా ఇంటికి వస్తే నాన్న మూత తెరిచి, తెర పైన వేలు పెట్టి, ఇది మా అమ్మాయి చేసింది అనేవాడు. వాళ్లు వంగి, కళ్లు చికిలించి, అక్కడ ఏముందా అని చూసేవాళ్లు. వాళ్లు తలెత్తేదాకా ఆగి, అప్పుడు అమ్మని టీ పెట్టమనేవాడు.