నాలుగో అంతస్తు ఫిలొమేనా

బార్సెలోనా రేవు పక్కన ఉన్న పాత జాలరిపేట బార్సెలొనెటా. అక్కడ నాలుగో అంతస్తులో ఫిలొమేనా ఇల్లు. లిఫ్టు లేదు. మెట్లు అరవై ఎనిమిది. ఎక్కేవాళ్ల భుజాలు రెండు గోడలకూ రాసుకునేంత ఇరుకు. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చి, మోకాళ్లు రెండూ అరిగిపోయాక, ఆ మెట్లే ఆమె తలుపుకి బయట నుంచి వేసిన గడియ అయ్యాయి. రెండేళ్ల మూడు నెలలుగా ఆమె వీధిలో అడుగు పెట్టలేదు. సముద్రం మూడు సందుల అవతలే. ఉప్పుగాలి రోజూ వంటింట్లోకి వచ్చి పోతుంది. ఆమె మాత్రం పోలేదు.

పద్నాలుగో ఏట నుంచి రేవు గట్టు మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని వలలు బాగుచేసిన మనిషి. భర్త బల్దిరి సార్డీన్ చేపల పడవ మీద పోయేవాడు. అతను కన్నుమూశాక కూడా పదేళ్లు ఆ పనే చేసింది. ఆ మేడలో ఇప్పుడు స్థిరంగా కాపురం ఉంటున్నది ఆమె ఒక్కతే. మిగతా వాటాలన్నీ వారానికింతని ఊరు చూడవచ్చిన వాళ్లకి అద్దెకిస్తున్నారు. పొద్దస్తమానం పెట్టెల చక్రాలు మెట్ల మీద టకటకమంటూ ఉంటాయి. కింద సందులో నిలబడి పైకి ఫోన్లెత్తి, ఆరేసిన దుప్పట్లతో పాటు ఆమెని కూడా ఫొటో తీసుకుపోతారు.

ఆమెకున్న లోకమల్లా ఎదురు బాల్కనీ. సందుకి అటువైపు, సరిగ్గా అదే ఎత్తున ఎంగ్రాసియా ఉండేది. చిన్ననాటి నేస్తం. తుంటి ఎముక విరిగి ఆమె కూడా అలాగే పైన చిక్కుకుపోయింది. యవ్వనమంతా ఇనుప కర్మాగారంలో పనిచేసి చెవులు పోగొట్టుకుంది. అందుకని వాళ్ల మాటలన్నీ పెదవులతో, చేతులతోనే. మధ్య దూరం పదిహేను అడుగులకి మించదు. రోజూ పదకొండింటికి ఇద్దరూ కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లు.

"ఏమే, ఇవాళేం వండావ్?"

"శనగలు. నిన్నటివే."

"నీ మొహం. మొన్న కూడా నిన్నటివే అన్నావ్!"

అలా నవ్వుకున్న మనుషులు ఒకరి చెయ్యి ఒకరు తాకి రెండేళ్లు దాటింది.

అక్టోబరులో ఒక మంగళవారం ఎంగ్రాసియా కుర్చీలో కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే చెప్పింది. "ఇల్లుగలాయన మేడ అమ్మేశాడే. మావాడు అక్కడెక్కడో టెరాసా ఊళ్లో వృద్ధాశ్రమం చూశాడు. గురువారం తీసుకుపోతారు."

"ఏ గురువారం?"

"ఇదే. ఎల్లుండి."

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

ఎంగ్రాసియా రెండు వేళ్లు చూపించింది. రెండు నెలలు.

ఫిలొమేనాకి ఒళ్లు మండిపోయింది. చెవిటిదాన్ని తిట్టి లాభమేముంది? లేచి బాల్కనీ తలుపు రెక్కలు ధడాలున మూసేసింది. ఎదురుమనిషి మాట ఆపాలంటే వాళ్లిద్దరికీ ఉన్న దారి అదొక్కటే. బుధవారమంతా ఆ రెక్కలు తెరవలేదు. రెక్కల సందుల్లోంచి చూస్తే ఎంగ్రాసియా కుర్చీలో కూర్చుని ఇటే చూస్తోంది. తెరుద్దామని రెండుసార్లు గడియ మీద చెయ్యి వేసింది కూడా. రోషం అడ్డమొచ్చింది.

గురువారం పదింటికి తెరిచేసరికి ఎదురు బాల్కనీలో కుర్చీ లేదు. లోపల ఎవరో ఇద్దరు మగవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. పిలిస్తే వినపడదు, కనపడదామంటే మనిషి గదిలో లేదు. ఫిలొమేనా శాలువా కప్పుకుని తలుపు తీసి, మొదటి మెట్టు మీద చతికిలపడింది.

కూర్చునే దిగింది. ఒక్కో మెట్టుకీ రెండు చేతులూ ఆనించి, నడుము దించి, కాళ్లు లాక్కుంటూ. ఇరవయ్యో మెట్టుకి ఊపిరి ఎగతన్నింది. రెండో అంతస్తు దగ్గర ఇద్దరమ్మాయిలు పెద్ద పెద్ద పెట్టెలతో ఎదురొచ్చారు. తప్పుకోవడానికి చోటు లేదు. వాళ్లు ఏదో భాషలో క్షమాపణ లాంటిది చెప్పారు.

"వెనక్కి పదండమ్మా," అంది ఫిలొమేనా, చేత్తో కిందకి చూపిస్తూ. "నేను వెనక్కి పోలేను."

పాపం, వాళ్లు పెట్టెలు ఎత్తుకుని గుమ్మం దాకా దిగిపోయారు.

ఆమె వీధిలోకొచ్చే వేళకి ఎదురు గుమ్మంలోంచి ఎంగ్రాసియాని కుర్చీకి పట్టీలు కట్టి దింపుతున్నారు. కొడుకు ఎలోయ్ సంచీ పట్టుకుని వెనకాల ఉన్నాడు. ఎంగ్రాసియా ఫిలొమేనాని ఎగాదిగా చూసింది.

"ఇంత పొట్టిదానివి ఎప్పుడయ్యావే?" అంది.

"నువ్వు ముసలిదానివి ఎప్పుడయ్యావో అప్పుడే." ఫిలొమేనా గోడ పట్టుకుని ఆమె దగ్గరికి నడిచి, రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. పైనుంచి చూస్తే అది తెలిసేది కాదు. "రెండు నెలలు నా దగ్గర దాచావు," అంది పెదవులు విడమర్చి.

"చెబితే ఆ రెండు నెలలూ ఏడుస్తూ కూర్చునేదానివి. ఏడుపుమొహం రోజూ చూడమంటావా?"

"నిన్న తలుపేసినందుకు..."

"చూశాన్లే. రెక్కల సందులోంచి నీ ముక్కు కనిపిస్తూనే ఉంది."

"ఫిలొమేనా అత్తా, అంబులెన్సు దారికి అడ్డంగా ఉంది," అన్నాడు ఎలోయ్ నెమ్మదిగా. అంతే. సందు చివర తెల్లబండి తలుపులు మూసుకున్నాయి.

ఫిలొమేనా వెంటనే ఇంటివైపు తిరగలేదు. దిగనే దిగాను, సముద్రం చూసొద్దామనుకుంది. గోడ పట్టుకుని మూల దాకా వెళ్లింది. అక్కడ పసుపు గొడుగు ఎత్తిపట్టుకున్న ఒకమ్మాయి పాతికమందికి పేట గురించి ఒక్కో ముక్కా ముందు ఈ ఊరి భాషలో, తర్వాత వాళ్ల భాషలో చెబుతోంది. "ఒకప్పుడు ఈ ఇళ్లల్లో జాలరి కుటుంబాలు ఉండేవి."

"ఒకప్పుడేంటమ్మా?" అంది ఫిలొమేనా గట్టిగా. "నేను ఉన్నాగా!"

ఆ పిల్ల ఎర్రబడి, ఆ మాటని తన మనుషులకి వాళ్ల భాషలో చెప్పింది. వాళ్లు నవ్వి, చప్పట్లు కొట్టి, ఫొటోలు తీశారు. గుంపు దారి వదిలేసరికి మోకాలు మొరాయించింది. సముద్రానికి ఇంకా రెండు సందులున్నాయి. సముద్రం మోత కూడా వినపడని చోట కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది.

ఎక్కడం దిగడం లాంటిది కాదు. పన్నెండో మెట్టు దగ్గర ఆగిపోయింది. పైకి పోలేదు, కిందకి రాలేదు. గంటన్నర అలా గోడకి తల ఆనించి కూర్చుంది. మనవాళ్లు ఎవరైనా వస్తారేమో అని చెవులు రిక్కించింది కానీ, ఆ మేడలో మనవాళ్లెవరున్నారు? ఆఖరికి పన్నెండేళ్లుగా ఆ పేటలో గ్యాస్ బండలు మోస్తున్న షబీర్, మూడో అంతస్తుకి బండ ఎత్తుకుని వచ్చాడు.

"అమ్మా! ఇక్కడేంటి?"

"సముద్రానికి వెళ్లొస్తున్నా నాయనా."

అతను బండ కింద దించేసి, మారుమాట లేకుండా వంగి వీపు చూపించాడు.

"నీ బండ కంటే బరువుంటాను."

"అది మాట్లాడదు కదమ్మా, అందుకే ఎక్కువ బరువనిపిస్తుంది. రండి."

ఆ సాయంత్రం కూతురు నేవుస్ వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంది. "మా ఇంటికొచ్చేయమ్మా. లిఫ్టుంది."

"లిఫ్టెక్కి ఎక్కడికెళ్లాలే? మీ వీధిలో నాకెవరు తెలుసు?"



టెరాసాకి ఫోన్ చేస్తే పెదవులు కనపడవు. అటునుంచి "ఏంటి? ఏంటే?" అనే వినపడేది. నవంబరులో నేవుస్, షబీర్ ముందొకరు వెనకొకరు పట్టుకుని దింపితే, కారులో ఒకసారి వెళ్లొచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చుని మూడు గంటలు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక వారం రోజులు మంచం దిగలేదు. "ఇంకోసారి దింపితే కాళ్లు మిగలవు," అన్నాడు డాక్టరు.

ఎదురు వాటాలో ఇప్పుడు తెల్లకుర్చీలు వేశారు. వారానికొక కొత్త జంట వస్తుంది. పదకొండింటికి ఫిలొమేనా తన చోట కూర్చుంటుంది. వాళ్లు చెయ్యి ఊపుతారు. వాళ్ల పెదవులు కదులుతాయి కానీ, ఏ భాషో ఆమెకి తెలియదు. ఒక్కోరోజు ఆమె కూడా చెయ్యి ఊపుతుంది. ఒక్కోరోజు రెక్కలు మూసేసి లోపలికి పోయి, శనగలు పొయ్యి మీద పెట్టుకుంటుంది.