దొంగ పిడికిలి

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు చేసిన ఉపకారం ఒకటి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా దొంగతనం కూడా చెప్పాలి. మొన్న మా మనవరాలు చెప్పించింది.

ఆస్ట్రేలియాలో ఈ పారమట్టాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చి మూడేళ్లయింది. ఇక్కడికొచ్చాక కూడా, కుక్కర్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం నేను మానలేదు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో తెలుగు ప్రార్థన ఉంటుంది. కొత్తగా దిగిన కుటుంబం ఏదైనా అక్కడ కనపడితే ఆ డబ్బా వాళ్ల చేతిలో పెడతాను. యూనివర్సిటీకి వెళ్లే మనవరాలు ఇదంతా చూసి చూసి, "ఇట్స్ జస్ట్ హ్యాబిట్ కదా అమ్మమ్మా. నువ్వు చేతివంక చూడను కూడా చూడవు. అందులో మంచితనం ఏముంది?" అంది.

ఇది నన్ను పిసినారి అనడానికి దారి వేస్తోందని నాకు అనుమానమొచ్చింది. బ్రెడ్డు కవర్లు కడిగి ఆరేస్తానని ఇప్పటికే నవ్వుతుంది. తీరా అడిగితే, దాని చదువులో పూర్వకాలపు గ్రీకు పెద్దాయన ఒకడున్నాడట. మంచితనం పుట్టుకతో రాదు, చేయగా చేయగా అబ్బుతుంది అన్నాడట. చెయ్యి ముడుచుకున్నవాడిదీ తప్పే, దోసిళ్లతో పారబోసేవాడిదీ తప్పే, నడుమన ఉండాలట. ఆ నడుమ కూడా మనిషి మనిషికీ వేరట. మనవరాలికి ఆయన మీద నమ్మకం కుదరక నన్ను పరీక్షిస్తోంది. నాకూ కుదరలేదు. బియ్యం కడిగి ఎరగని మగవాడికి ఇవన్నీ ఎవరు చెప్పారు? "ఇవి మా నాయనమ్మ మాటలు" అని నోరు జారాను. ఇక వదిలితేనా.

మా అమ్మా నాన్నా పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో కూలికి పోయేవారు. ఇల్లు చూసుకునేది నాయనమ్మ. మా చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండలు పట్టుకెళ్తే పాస్టరుగారు లేనివాళ్లకు పంచేవారు. నేను మూడో తరగతితో బడి మానేసిన ఏడు నాయనమ్మ ఆ పని నాకు అప్పజెప్పింది. ఎందుకో చెప్పలేదు. నన్ను దొంగగా పట్టుకోవడానికే ఈ ఏర్పాటని నాకు గట్టి అనుమానం. అయినా ఉపాయం కనిపెట్టాను. బొటనవేలు అరచేతిలోకి ముడిచి తీస్తే పిడికిలి పైకి నిండుగానే కనపడుతుంది, లోపల సగమే ఉంటాయి. మిగిలినవి మా అన్నంలోకే కదా, నేనొక్కదాన్నే తినడం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఒక శనివారం పక్కింటి అక్క వాళ్ల కుండ చూశాను. నిండుగా ఉంది. మాది సగం. రేపు అందరిముందూ బయటపడతానని భయమేసి, నాయనమ్మ ఇంట్లో లేనప్పుడు రెండు సోలల బియ్యం ఒక్కసారే దేవుడి కుండలో గుమ్మరించాను. ఇంట్లో ఉన్నవి అవే. ఆ పూట పొద్దుట మిగిలిన గంజే దక్కింది. మా చెల్లి గిన్నె నాకి, ఇంకా కావాలని ఏడ్చింది.

నాయనమ్మ కొట్టలేదు. దేవుడి కుండా, ఖాళీ అయిన బియ్యం కుండా చూసి, రెండు సోలలూ కొలిచి వెనక్కి తీసి, చెల్లికి అన్నం వండింది. దేవుడివి తీయొచ్చా అని నేను గొణిగితే, "అవి దేవుడికి ఇచ్చినవి కావే, నీ భయానికి ఇచ్చినవి" అంది. తర్వాత నా చెయ్యి బియ్యంలో ముంచి, లోపల ముడిచిన బొటనవేలు పట్టుకుని బయటికి లాగింది. అంటే మొదటినుంచీ తెలుసన్నమాట.

"ఇదీ నీ పిడికిలి. దొంగ పిడికిలీ వద్దు, దొరసాని పిడికిలీ వద్దు. నా చేతికి పట్టినన్ని కూడా నువ్వు వేయక్కర్లేదు."

నాకు ఇవ్వబుద్ధి కావడం లేదని ఉన్నమాట చెప్పేశాను.

"కాకపోతే పోనీ. వెయ్యి. బుద్ధి వచ్చినప్పుడు వస్తుంది, దానికోసం పొయ్యి ఆపుకుని కూర్చుంటామా."

ఆదివారం ఆ సగం కుండ నాచేతే మోయించింది. ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం నుంచి కుండ నా దగ్గర ఉండదనుకున్నాను. ఉంది. నాయనమ్మ పక్కన నిలబడి చూడనూ లేదు. తెలిసి తెలిసి మళ్లీ నాకే ఎందుకు అప్పజెప్పిందో అని చాలాకాలం అనుమానిస్తూనే ఉన్నాను.

మనవరాలు అంతా విని, "మరి ఆ బుద్ధి వచ్చిందా అమ్మమ్మా?" అంది. మీ గ్రీకాయన ఏమంటాడని ఎదురడిగాను. మంచిపని చేసేటప్పుడు సంతోషం పుడితేనే అది ఒంటికి పట్టినట్టట.

సంతోషం పుట్టడం లేదని అనను. డబ్బా అందుకున్న పిల్ల మొహం చూస్తే లోపల తేలికపడుతుంది. కానీ అది బుద్ధో, నలుగురూ మెచ్చుకుంటారన్న ఆశో నాకు తెలియదు. బియ్యం మూటలు గోడవారగా నిలబెట్టి ఉన్న ఈ ఇంట్లో పిడికెడు తీసి ఇవ్వడం ఏమంత గొప్ప? నాయనమ్మ నన్ను నమ్మినట్టు నన్ను నేను ఇప్పటికీ నమ్మలేను. అందుకే ఒక్క పూటైనా మానను.