పేరా కాడ ఆగిన పిల్ల

నేను నారాయణఖేడ్ హైస్కూల్ల ఇంగ్లీషు చెప్త. నా క్లాసుల ఒక్కటే కట్టుబాటు. ఒకరు పేరా చదివి ఆగాలె, మిగిలినోళ్లు దాన్ని పట్టుకొని అడగాలె. ఇది ఎవరు చెప్తుండ్రు? ఎవరి ముంగట మంచోళ్లు అనిపించుకుందామని? ఎవరి మాట ఇందుల లేదు? గైడు చూసి బట్టీ కొట్టుడు నా కాడ నడవదు. సప్పుడు ఎక్కువైతుందని హెడ్మాస్టర్ మొత్తుకుంటడు. మొత్తుకోని.

పోయినేడు బడి వార్షికోత్సవానికి నా చిన్నప్పటి పంతులును పిలిచిండ్రు. శాలువా కప్పినంక, ఆయన ఇంగ్లీషుల రాసిన వ్యాసం ఒక పిల్లతోని చదివియ్యాలె. ముందుగాల నేను చదివిన. బర్లు కాసే పిల్లలను పక్కన కూసోవెట్టుకొని అక్షరాలు దిద్దించిండట! బర్లు కాసే నన్ను తలుపు బయట, చెప్పులు ఇడిసే కాడ కూసోవెట్టింది ఈయననే. "దున్నపోతుకు పలకెందుకురా" అంటే క్లాసంత నవ్వేది. బడి ఇడిసిపెట్టిన. మీసాలు మొలిచినంక మా చెల్లె పలక మీద చదువు మల్ల మొదలువెట్టిన.

చదవనీకి నా పదో తరగతి పిల్లనే పంపిన. స్టేజీ మీద ఆగొద్దని చెప్పొచ్చుండె. కావాల్ననే చెప్పలే.

బర్ల పేరా అయింది. అలవాటు కొద్ది ఆగింది. ముందు వరుసల ఇంకో పిల్ల లేసి ఇంగ్లీషులనే అడిగింది, "సార్, మీ పక్కన కూసున్నోళ్లల్ల ఒక్కరి పేరు చెప్తరా?"

ముసలాయన తెలుగుల జవాబిచ్చిండు. "చానామంది ఉన్నరు బిడ్డా."

"ఒక్కరు చాలు సార్."

"ఏయ్, కూసో!" అని హెడ్మాస్టర్ ఒర్రిండు.

ముసలాయన కండ్లు దిక్కులు చూసి చూసి నా మీద ఆగినయి. "ఇగో, గీ మీ సారే! నా శిష్యుడే!"

పిల్లలంత నా దిక్కు మళ్లిండ్రు. "నిజమేనా సార్?"

అవునంటే అయిపోతుండె. చప్పట్లు కొట్టి అందరు ఇండ్లకు పోదురు.

"అబద్ధం," అన్న. మైకు లేకున్నా ఎనుక దాక ఇనవడ్డది. "నన్ను చెప్పుల కాడ కూసోవెట్టిండు."

మిగిలిన వ్యాసం ఎవరు చదవలే.

గేటు కాడ ముసలాయన మనూర్ పోయే ఆటో కోసం నిలవడ్డడు. నేను గూడ పోయి నిలవడ్డ.

"ముసలోన్ని. గింతమందిల ఇజ్జత్ తీస్తివి కదరా."

"నేను పోరన్ని ఉంటి సార్, గప్పుడు. మీరు గూడ మందిల్నే తీస్తిరి."

ఆటో వచ్చింది. ఎక్కనీకి ఆయనకు మోకాళ్లు వంగుతలేవు. చూస్తనే ఉన్న. చెయ్యి అందియ్యలే.