ఓడ తలుపు దించమన్నది ఎవరు?

నరసన్నపేట చేపల బజారులో జగ్గమ్మ దగ్గర ఎండు నెత్తళ్లు కొనాలంటే ముందు యుద్ధం వినాలి. ఇష్టం లేనివాళ్లు పక్క బుట్ట దగ్గరికి పోవచ్చు, ఆవిడేమీ అనదు. నోటితో అనదు, అంతే. చూపుతో మాత్రం తోలు ఒలిచేస్తుంది. గోనెసంచి మీద నెత్తళ్లని ఒక వారకి తోసి, "ఇది గట్టు," అంటుంది. "ఇటు సముద్రం. ఇదిగో, ఇక్కడ నీళ్ల కింద ఇసక మేట. మేటకీ గట్టుకీ మజ్జిన లోతు. ఓడ ఎక్కడ ఆగినాది? మేట మీద. మరి మనుషుల్ని ఎక్కడ దింపినారు? సెప్పు, సూద్దాం!" పావుకిలో కోసం వచ్చినవాడు సంచీ పట్టుకుని బిక్కమొహం వేస్తాడు.

ఊరికే వాగుతుందనుకోకండి. ఆ లోతులో పోయింది ఆవిడ మొగుడు.

జగ్గమ్మది సముద్రం ఒడ్డున భావనపాడు. కూర్మయ్యని కట్టుకుని ఏడాది తిరక్కుండానే బంగ్లా యుద్ధం వచ్చింది. పటాలంలో ఉన్న కూర్మయ్య మళ్లీ రాలేదు, టెలిగ్రాం వచ్చింది. పోస్టుమాస్టరు చదివి చెప్పాడు: నీటిలో మునిగి మరణించాడు. గుండు తగిలి కాదు, బాంబు పడి కాదు. మునిగి!

భావనపాడులో పుట్టినవాడు మునిగిపోవడమంటే ఏమిటో అర్థమవుతోందా మీకు? పాము కరిచి పోతే ఊరంతా ఏడుస్తుంది. జ్వరమొచ్చి పోతే అయ్యో అంటుంది. నడక రాకముందే నీళ్లలో ఆడిన పల్లెకారోడు మునిగి చచ్చాడంటే మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "యుద్ధానికని ఎల్లి తానానికి దిగినాడు గావాల," అని నూతి దగ్గర ఒకావిడ అననే అంది. జగ్గమ్మ నిండు బిందె ఎత్తి ఆవిడ నెత్తిన కుమ్మరించి, ఖాళీ బిందెతో ఇంటికొచ్చి పడి ఏడ్చింది.

నిజం చెప్పింది ఏసురాజు. గజపతినగరం దగ్గర పల్లె, బాప్టిస్టు చర్చికి పోయే కూలి కుటుంబం. కూర్మయ్య దళంలోనే సిపాయి. యుద్ధం ముగిశాక సెలవిస్తే, నల్ల ట్రంకుపెట్టె మోసుకుని తన ఇంటికి కూడా పోకుండా నేరుగా భావనపాడు వచ్చాడు. "వదినా, నీ పెనిమిటి మునిగిపోలేదు. ముంచేసినారు," అన్నాడు గుమ్మంలోనే.

శత్రువులు ఒక దారిన పారిపోతారని పైవాళ్లకి అనుమానం. ఆ దారికి అడ్డంగా సముద్రం వైపు నుంచి ఒక దండుని దింపితే తప్పించుకునే వీలుండదు. ఆలోచన బాగానే ఉంది. జగ్గమ్మ కూడా ఒప్పుకుంటుంది, "వలేసినట్టే కదా, అందులో తప్పేటున్నాది?" అంటుంది. తప్పంతా ఆ తర్వాత జరిగింది. ఏ గట్టున దింపాలో మ్యాపు మీద వేలు పెట్టి తేల్చేశారు. ఆ గట్టు ముందు నీళ్లెలా ఉన్నాయో చూసి రమ్మని ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి పంపలేదు. ఓడలోకి ఎక్కించింది ఎవర్నయ్యా అంటే, కొండల్లోంచీ మెట్టలోంచీ వచ్చిన కుర్రాళ్లని. చెరువులో మొలలోతు దాటి ఎరగరు. వీపున మూట, చేతిలో తుపాకీ, నడుముకి తూటాలు.

ఓడ మేటకి తగిలి ఆగిపోయింది. మనుషులు దిగడానికి ఓడ ముందువైపు ఉండే తలుపు దించమని ఆజ్ఞ వచ్చింది. దించారు. మొదటి వరస దిగింది, మళ్లీ పైకి తేలలేదు. ఒక్కడూ తేలలేదు! అప్పుడైనా ఆపాలా వద్దా? కళ్లున్నవాడెవడైనా ఆపుతాడు. మైకులో మళ్లీ అదే మాట వచ్చింది: ఆలస్యమవుతోంది, కదలండి. రెండో వరస కదిలింది. అందులో ఏసురాజు ఉన్నాడు.

ఇంకా ఓడ మీదే ఉన్న కూర్మయ్య ఎవరి ఆజ్ఞ కోసమూ చూడలేదు. మూట విసిరేశాడు, తుపాకీ పక్కనపెట్టాడు, దూకాడు. ఏసురాజుని జుట్టు పట్టి లాక్కొచ్చి ఓడ తాడు చేతికిచ్చాడు. ఇంకొకణ్ణి తెచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఆఖరిసారి ఇద్దరు ఒకేసారి ప్రాణభయంతో అతని మెడ కరిచి పట్టుకున్నారు. ముగ్గురూ రాలేదు.

ఇంతా చేసి ఆ గట్టున శత్రువన్నవాడే లేడు. అంతకుముందే పారిపోయారు. ఆ కబురు పైవాళ్లకి అందలేదో, అందినా బయల్దేరిన ఓడని వెనక్కి తిప్పడం నామోషీ అనుకున్నారో దేవుడికే తెలియాలి. మిగిలినవాళ్లని ఆ ఊరి జాలర్లే పడవలేసుకొచ్చి దింపారు.

ఈ కథ ఏసురాజు ఏటా వచ్చి చెప్పాడు, ఆవిడ ఏటా విని బజారుకి చెప్పింది. ఆవిడకి కావలసింది ఒక్కటే. యుద్ధంలో పోయినవాళ్ల వరసలో తన మొగుడి పేరుండాలి.

రెండు వేల పదకొండులో, యుద్ధమై నలభై ఏళ్లయిందని, నరసన్నపేటలో రాయి నిలబెట్టారు. రాయి పెట్టించింది బట్టల కొట్టు ఉపేంద్ర. పేర్లు తేల్చింది మాజీ సైనికుల సంఘం. జగ్గమ్మ ఏసురాజుని పిలిపించి చదవమంది. పైనుంచి కిందికి చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"లేదు వదినా."

ఆవిడ తిన్నగా ఉపేంద్ర కొట్టుకెళ్లింది. "శావుకారు బాబూ, నా మొగుడేడి?"

"నా చేతిలో ఏముంది జగ్గమ్మా? శత్రువు దెబ్బకి పోయినవాళ్ల పేర్లే వెయ్యాలన్నారు సంఘం వాళ్లు. మీ ఆయన మరి... నీళ్లలో కదా."

"నీళ్లలో ఆడు సేపలకెల్లినాడేటి?"

ఉపేంద్ర మంచివాడే, తల దించుకున్నాడు. ప్రారంభానికి పెద్ద కల్నల్ గారు వస్తున్నారు, అడిగి చూడమన్నాడు.

ఆ కల్నల్ విశాఖపట్నంలో ఉంటున్న రిటైరైన పెద్దాయన. మర్యాదస్తుడు. మైకు ముందు ఆ యుద్ధమంతా చక్కగా చెప్పాడు, ఎక్కడ చుట్టుముట్టిందీ, ఎక్కడ దారి మూసిందీ. సముద్రం వైపు దిగిన దండు గురించి కూడా చెప్పాడు. "వ్యూహం మంచిది. అమలులో చిన్న లోపం జరిగింది," అన్నాడు.

చిన్న లోపం! జగ్గమ్మ ముందు వరసలోకి వచ్చి నిలబడింది. ఏసురాజు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది కూడాను.

"బాబూ, ఆ గట్టు మీద శత్రువులున్నారా?"

ఉపేంద్ర కల్నల్ చెవిలో ఈవిడెవరో చెప్పాడు. "లేరమ్మా. అప్పటికే వెళ్లిపోయారు. ఆ సంగతి అప్పుడు తెలీదు."

"తెలుసుకోడం ఎవల పని? నాదా?"

"యుద్ధమంటే అంతేనమ్మా. ఎంత ఆలోచించినా కొన్ని జరుగుతాయి. మీ బాధ నాకు అర్థమైంది." ఆయన నిజంగానే మెత్తబడ్డాడు. ఉపేంద్ర వైపు తిరిగి, "రాయి కింద చోటుంది కదా, ఈమె భర్త పేరు వేయించండి. పక్కన 'ప్రమాదంలో మృతి' అని రాస్తే సరిపోతుంది," అన్నాడు.

నలుగురూ చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్లుగా అడుగుతున్న పేరు వచ్చేసింది కదా, ముసలమ్మ దండం పెట్టి కూర్చుంటుందనుకున్నారు.

"ఒద్దు బాబూ," అంది జగ్గమ్మ. "పెమాదమని రాసీకాడికి అసలు రాయొద్దు. ఈడ్ని సూడండి, ఏసురాజు. ఈడు బతకడం పెమాదం కాదు, నా మొగుడు సేసిన పని. నా మొగుడు సావడం కూడా పెమాదం కాదు. పైనున్నోడు సేసిన పని. ముందోలు మునిగిపోనారని సూసి కూడా దిగండర్రా అన్నాడు కదా, ఆడికి పేరు లేదేటి? అమ్మా అయ్యా పెట్టలేదేటి?"

కల్నల్ మళ్లీ ఉపేంద్ర వైపు తిరిగాడు. "పేరొక్కటే వెయ్యండి. పక్కన ఏమీ వద్దు," అన్నాడు.

దిగమన్నవాడి పేరు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వినపడనట్టు నటించారు.

మర్నాడు రాయి చెక్కేవాడు వచ్చి కూర్మయ్య పేరు చెక్కుతుంటే జగ్గమ్మ పక్కనే గొంతుక్కూచుంది. అయ్యాక ఆ అక్షరాలు వేలితో తడిమింది. ఏసురాజు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చెక్కేవాడు ఉలి, సుత్తి సంచిలో వేసుకుంటూ, "అయిపోయినట్టేనా అమ్మా?" అన్నాడు.

"ఎలగయిపోద్ది?" అంది జగ్గమ్మ, ఆ పేరు కింద ఖాళీ రాయి మీద అరచెయ్యి ఆన్చి. "పోనోడి పేరు సెక్కినావు. పంపినోడి పేరు ఇక్కడ పడతాది, సోటుంచు."