మద్రాసులో మనవాళ్ళు గెలిచిన రోజు, నాగర్‌కర్నూలు దారిలో

యుద్ధం ముగిసిన ఏడాది చలికాలంలో నేను గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు వెళ్ళి వచ్చాను. గుడి కోసమో పెళ్ళి కోసమో కాదు. పటాలంలో చేరి తిరిగి రాని నా స్నేహితుడు ఈరన్న సంగతి ఏమైనా తెలుస్తుందేమోనని, వాళ్ళ నాన్న తిమ్మప్పకు తోడుగా వెళ్ళాను. జపాను వాళ్ళ చెరలోంచి విడుదలైన సిపాయిలు ఒక్కొక్కరే ఊళ్ళకు చేరుతున్నారు. వాళ్ళను వెతుక్కుంటూ మన వైపు చాలా ఇళ్ళవాళ్ళు ఇప్పుడు ఇలాంటి ప్రయాణాలే చేస్తున్నారు. అటువంటి వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈరన్నది గట్టు అనే ఊరు. నాలుగు మబ్బులు కురిస్తే పండే చెలక తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు. అయినా తిమ్మప్ప కొడుకును గద్వాలలో ఉంచి చదివించాడు. బడి మైదానంలో ఈరన్న ఎడమచేత్తో బంతి వేసేవాడు, నేను వికెట్ల వెనక నిలబడేవాణ్ణి. నేను అదే బడిలో పంతులునయ్యాను. అతను హైదరాబాదు పల్టన్‌లో చేరి ఓడెక్కి మలయా వెళ్ళాడు. సింగపూరు పడిపోయాక సర్కారు నుంచి వచ్చిన కబురు ఒక్కటే, మనిషి జాడ లేదని. "జాడ లేదంటే సచ్చిండని కాదు గద" అని తిమ్మప్ప అప్పటినుంచీ అంటూనే ఉన్నాడు. నాగర్‌కర్నూలులో ఖాదర్ అనే సిపాయి చెర నుంచి బతికి వచ్చాడని, అతనిదీ అదే పల్టన్ అని, చీరల బేరానికి అటు వెళ్ళి వచ్చిన ఒక వ్యాపారి చెప్పాడు. ఆ మాట నేను గట్టుకు పంపిన మర్నాడే తిమ్మప్ప బండి కట్టుకుని నా గడపలో దిగాడు. భుజాన కంబళి, చేతిలో సద్దిమూట.

గద్వాల స్టేషనులో పొద్దున్నే రైలెక్కితే వనపర్తి రోడ్డులో దిగాలి. నిజాం సర్కారు హాలీ సిక్కాలు దగ్గర ఉంచుకోండి, బస్సులోనూ హోటళ్ళలోనూ వేరే నాణెం ఇస్తే ముఖం అదోలా పెడతారు. కృష్ణ వంతెన మీదికి రాగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గర చేరారు. తిమ్మప్ప కూడా లేచి రొంటిన ఉన్న నాణెం తీసి నీళ్ళలోకి విసిరాడు. ఏం మొక్కుకున్నాడో నేను అడగలేదు. కూర్చున్నాక ఆయనే అన్నాడు.

"వాడు దొరికితే మీ అత్త కొత్త కోక కడతనంటుంది. మూడేండ్లయె, పండగకు గూడ కొత్తది ముట్టలే."

తిమ్మప్పను నేను మామా అనే పిలుస్తాను, ఆయన భార్య నాకు అత్త. "దొరుకుతాడు మామా" అని మాత్రం అనలేకపోయాను. "పోయి అడుగుదాం" అన్నాను.

వనపర్తి రోడ్డు స్టేషను బయట బొగ్గు బస్సు నిలబడి ఉంది. పెట్రోలు దొరక్క యుద్ధంలో వచ్చిన బస్సులు ఇంకా అవే నడుస్తున్నాయి. వెనక ఉన్న పీపాలో బొగ్గులు రాజేసి, గాలి కొట్టి, అది వేడెక్కేదాకా జనమంతా చుట్టూ నిలబడి చూడవలసిందే. ఎత్తు వస్తే దిగి తోయాలి కూడా. వెనక సీట్లలో కూర్చోవద్దు, బట్టలు నల్లబడతాయి. డ్రైవరు రాములు మాటకారి. ఎక్కడికని అడిగి, పని తెలుసుకున్నాక తిమ్మప్పను ముందు సీట్లోకి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇదే బస్సు వనపర్తిలో కొంతసేపు ఆగి, మధ్యాహ్నం దాటాక గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు వెళ్తుంది. వనపర్తిలో భోజనం చేసే తీరిక ఉంటుంది. బియ్యం కంట్రోలు రోజులు కాబట్టి ఆలస్యంగా పోతే హోటల్లో అన్నం ఉండదు.

మేము తిని బయటికి వచ్చేసరికి బజారు వీధిలో ఒక వకీలు గారి అరుగు ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల బ్యాటరీ రేడియో గరగరమంటోంది. మద్రాసులో ఆట! ఆ నెలంతా నా మనసులో అదొక మూల ఉంటూనే ఉంది. యుద్ధం నుంచి ఇళ్ళకు పోతున్న ఆస్ట్రేలియా సిపాయిల జట్టు మన దేశంలో ఆగి మనవాళ్ళతో ఆడుతోంది. వాళ్ళలో ఒకాయన శత్రువుల చెరలో ఉండి వచ్చినవాడేనట. అధికారికంగా టెస్టుల లెక్కలోకి రాదంటారు గాని, మాలాంటివాళ్ళకు అవి టెస్టులే. బొంబాయిలోనూ కలకత్తాలోనూ ఆట తేలలేదు. మద్రాసుదే ఆఖరు. గెలిస్తే మూడు ఆటల పందెం మొత్తం మనదే. ఇంగ్లీషులో వస్తున్న మాటల్ని వకీలు గారి గుమాస్తా ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాడు. వందలోపు పరుగులు చేస్తే చాలు, మనవాళ్ళు ఆ పనిలోనే ఉన్నారు.

అప్పటికే అవతల బస్సు హారను మోగుతోంది. నేను తిమ్మప్ప వైపు చూశాను. ఆయన వచ్చింది కొడుకు కోసం. నిలబడదామని అడిగే ముఖం నాకు లేదు. "పోదాం మామా" అన్నాను.

ఆయన కదల్లేదు. అరుగు అంచున కూర్చుంటూ, "ఏందిరా బిడ్డా, ఆట కానియ్యి. మావోడుంటె లేస్తుండెనా?" అన్నాడు.

మమ్మల్ని పిలవడానికి వచ్చిన రాములు కూడా గుమాస్తా మాట వింటూ అక్కడే నిలబడిపోయాడు. ఒక వికెట్టు పడింది. అందరూ ఉసూరుమన్నారు. ఇంకొకటి పడింది. "పరేషాన్ కావద్దు, ఇంకా మస్తుగున్నరు" అని రాములు ఎవరికో ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత పడలేదు. ఆరు వికెట్లు చేతిలో ఉండగానే గెలుపు పరుగు వచ్చింది. గుమాస్తా తెలుగు మరిచిపోయి ఇంగ్లీషులోనే అరిచాడు. ఎవరో లోపలినుంచి బెల్లం తెచ్చి పంచారు. ఎన్నాళ్ళనుంచో ఈ దేశం ఆడుతున్నా, వచ్చిన జట్టు మీద మొత్తం పందెం గెలవడం నేను వినలేదు. నాకు కళ్ళు తడయ్యాయి. తిమ్మప్ప బెల్లం నోట్లో వేసుకుని, "తెల్లోళ్ళను మనోళ్ళు ఓడగొట్టిన్రా?" అని రెండుసార్లు అడిగాడు. అవునంటే తల ఊపాడు. "వాడు వింటుండాలె ఎక్కడ్నో" అన్నాడు.

దారి పొడుగునా రాములు బస్సు ఆగిన ప్రతిచోటా తల బయటపెట్టి గెలుపు కబురు చెబుతూనే ఉన్నాడు. సగం మందికి అదేమిటో తెలియలేదు. గోపాల్‌పేట దాటాక చలి మొదలైంది. నాగర్‌కర్నూలు చేరేసరికి దీపాలు పెడుతున్నారు.

ఖాదర్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు, చెర నుంచి వచ్చినాయన అంటే ఊరంతా చూపిస్తారు. వాకిట్లో మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నా వయసువాడే, కాని చేతి ఎముకలు చర్మం కింద లెక్కపెట్టేటట్టున్నాయి. దవాఖాన నుంచి వచ్చి నెల కూడా కాలేదని వాళ్ళమ్మ చెప్పింది. మేము ఎందుకు వచ్చామో చెప్పగానే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మాకంటే ముందు ఇంకొందరు ఇలాగే వచ్చి వెళ్ళారట.

"ఈరన్న..." ఖాదర్ చాలాసేపు ఆలోచించాడు. "లేదు పెద్దయ్యా. ఆ పేరు నాకు తెల్వదు."

తిమ్మప్ప ముఖం ఒక్కసారిగా తేటపడింది. నా మోకాలి మీద చెయ్యి వేసి, "చూసినవా బిడ్డా, ఈయన దిక్కు లేడు. అంటె వేరే తావున ఉన్నడు. ఇంక వచ్చేటోళ్ళు ఉన్నరు గద?" అన్నాడు.

"ఉన్నరు. ఓడలు వస్తనే ఉన్నయి" అన్నాడు ఖాదర్.

ఖాదర్ తల్లి జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి ముందు పెట్టింది. తిమ్మప్ప తను తెచ్చుకున్న సద్దిమూట విప్పకుండానే అది తిన్నాడు. బెల్లం ముక్క కాక పొద్దుటినుంచి ఆయన తిన్నది అదే. వనపర్తిలో అన్నం కెలికి వదిలేశాడు. తింటుంటే ఖాదర్ అడిగాడు, బస్సు దిగినవాళ్ళు ఏదో గెలిచామని అరుస్తున్నారు, ఏమిటది అని. నేను చెప్పాను. ఆస్ట్రేలియా సిపాయిలని అనగానే అతను నిటారుగా కూర్చున్నాడు.

"వాళ్ళే మమ్మల్ని ఇడిపించిన్రు. ఆ దీవిల ఇంక రెండు నెల్లుంటే నేను గూడ లేను. ఎత్తుకపోయి పాలు తాపిన్రు, రొట్టె పెట్టిన్రు. బాగ ఆడిన్రా వాళ్ళు?"

"బాగా ఆడారు. మనవాళ్ళు ఇంకా బాగా ఆడారు" అన్నాను. ఆ సంతోషంలో మాట సాగిపోయింది. "మా ఈరన్న ఉంటే ఇవాళ రేడియోకు అతుక్కుపోయేవాడు. ఎడమచేత్తో బంతి వేసేవాడు, మా బడిలో వాడి బంతి ఆడగలిగినవాడు లేడు."

ఖాదర్ రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది.

"ఎడమచేత్తోనా? బంతి ఏసే ముంగట నొసటికి తాకిచ్చుకుంటుండెనా?"

ఏళ్ళ తరబడి వికెట్ల వెనకనుంచి నేను చూసింది అదే. అవునని చెప్పింది తిమ్మప్పే.

"అవును. చేన్ల పిట్టలను కొట్టెటప్పుడు గూడ గట్లనే చేస్తుండె. మట్టిగడ్డను నొసటికి తాకిచ్చి ఇసురుతుండె."

ఖాదర్ తల వంచుకున్నాడు. "మేము లెఫ్టూ అంటుంటిమి. అసలు పేరు నాకు తెల్వనే తెల్వదు, పెద్దయ్యా. మాఫ్ చెయ్యి."

తర్వాత మెల్లమెల్లగా చెప్పాడు. సింగపూరు క్యాంపులో మొదటి రోజుల్లో ఇంకా ఒంట్లో సత్తువ ఉండేదట. రబ్బరు చెట్ల పాలు గుడ్డపేలికల మీద చుట్టి ఈరన్నే బంతి చేశాడట. అటు వేరే పల్టన్ వాళ్ళు, ఇటు వీళ్ళు, కర్రలతో ఆడుకునేవాళ్ళు. ఆ తర్వాత ఓడలో వేసి దూరపు దీవికి తీసుకుపోయారు. అక్కడ రాళ్ళు మోయడం, జ్వరాలు, తిండి లేకపోవడం. పోయిన వానాకాలంలో ఈరన్నకు జ్వరం పట్టుకుంది. పక్క చాపమీద ఖాదర్ ఉన్నాడు.

తిమ్మప్ప అంతా విన్నాడు. ఏడవలేదు. చివరికి అడిగాడు.

"నీళ్ళు దొరికినయా వానికి?"

"దొరికినయి. కొబ్బరినీళ్ళు తాపిన. నా చేతులతోనే తాపిన."

"మన్ను?"

"నేను, ఇంకిద్దరం. సముద్రం కనపడె తావుల పెట్టినం."

తిమ్మప్ప మంచం దగ్గరికి జరిగి ఖాదర్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. వాటిని తిప్పి చూశాడు. నొసటికి ఆనించుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. లోపల ఖాదర్ తల్లి కూడా ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. నేను ఆ ఎడమచేతి మాట ఎత్తకపోతే ఆయన ఇంకా ఆశతోనే ఉండేవాడు కదా అనిపించింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున బస్సు ఎక్కేముందు తిమ్మప్ప ఖాదర్‌తో, "ఒళ్ళు కోలుకున్నంక గట్టుకు రా బిడ్డా. మా ఇంట్ల నీకు నాలుగు దినాలు వండి పెడతది మా ఆమె" అన్నాడు. తన కంబళి మంచం మీదే వదిలేశాడు. వద్దని ఖాదర్ తల్లి వెంట వచ్చినా తీసుకోలేదు.

రాములు ఈసారి మమ్మల్ని ఏమీ అడగలేదు. రైల్లో కూర్చున్నాక తిమ్మప్ప అన్నాడు.

"ఆ ఆట నాకు జర చెప్పు బిడ్డా. ఎట్ల ఆడతరు, ఎట్ల గెలుస్తరు. మీ అత్త అడుగుతది, అక్కడ మనోడు ఏం చేస్తుండె అని. రాళ్ళు మోసిండని చెప్పబుద్ది కాదు."

పెట్టెలో నేల మీద వేరుశెనగ పొట్టుతో గీతలు గీసి చూపించాను. ఇక్కడ వికెట్లు, ఇక్కడ నేను, ఇదిగో ఇక్కడినుంచి మీవాడు. ఆయన కింద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. అర్థం కానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. బంతి లేచి ఎటు తిరుగుతుందో చేత్తో చూపించమన్నాడు. కృష్ణ మీదికి రైలు వచ్చింది, దాటింది. ఆయన లేవలేదు.

మద్రాసు గెలుపు గురించి ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే గర్వంగానే చెబుతాను. ఆ రోజు అరుగు మీద కలిగిన సంతోషం అబద్ధం కాదు. ఓడిపోయిన ఆ సిపాయిల దేశంవాళ్ళే ఖాదర్‌ను బతికించారని కూడా చెబుతాను. అంతకంటే ఎక్కువ నాకు చెప్పడం రాదు. తిమ్మప్ప గట్టుకు పోయి భార్యతో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆశ పోయినందుకు నామీద కోపం లేదని మాత్రం, తర్వాత సంతకు వస్తూ నాకు జొన్నపేలాలు తెచ్చి ఇచ్చినప్పుడు అర్థమైంది.

మీరు ఇటువంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట. మీ బిడ్డ పేరు ఒక్కటే అడిగి, తెలియదంటే వెనక్కి రాకండి. పటాలంలో పేర్లు మారిపోతాయి. ఫోటో ఉంటే తీసుకుపోండి. లేకపోతే అతను ఎలా నవ్వేవాడో, ఎలా నడిచేవాడో, ఏ చేత్తో ఏం చేసేవాడో కూర్చుని చెప్పండి. దానికి వచ్చే జవాబు వినడానికి మీకు గుండె ఉందనుకున్నప్పుడే వెళ్ళండి.